బాలింత నిద్ర ఎవరి బాధ్యత?

(సీరియల్ ముగిసిన సందర్భంగా పాఠకుల ప్రశ్నలకు రచయిత్రి జవాబులు)

నా సీరియల్ పోయిన నెల ముగిసింది. చదవనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాను. నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఇష్టపడి పెళ్ళి చేసుకున్నవాళ్ళు. తొలి కాన్పు ఆపరేషన్, ఆడపిల్ల. పుట్టింట్లో పురుడు పోసుకుని ఆమె ఐదో నెలలో తిరిగొస్తుంది. అక్కణ్ణుంచి ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ ఎలా పరాయివాళ్ళయ్యారన్నదే మిగతా కథ.

హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. అందుకేనేమో, కథ గురించి అడిగినవాళ్ళకంటే తమ ఇంటి సంగతి అడిగినవాళ్ళే ఎక్కువ. ఇద్దరికీ జవాబులు రాస్తున్నాను. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: నవల మొత్తంలో భర్తకి పేరుంది, అత్తగారికి ఉంది, చివరికి వాచ్‌మన్‌కి కూడా ఉంది. ఆ అమ్మాయికి మాత్రం లేదు. మర్చిపోయారా, కావాలనే పెట్టలేదా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: కావాలనేనమ్మా. కాన్పు కాగానే వార్డులో మేం చేసే మొదటి పనుల్లో ఒకటి, బిడ్డకి ట్యాగు కట్టడం. బిడ్డకి అప్పటికి పేరుండదు కదా, అందుకని ‘బేబీ ఆఫ్’ అని రాసి పక్కన తల్లి పేరు రాస్తాం. బిడ్డ ఎవరి బిడ్డో తెలియడానికి అదే ఆధారం. ఇంటికెళ్ళి ఆ ట్యాగు కత్తిరించేశాక తల్లిని పేరుతో పిలిచేవాళ్ళు తగ్గిపోతారు. ‘పాప వాళ్ళమ్మ’, ‘మా బాలింత’, ‘మా కోడలు’. ఎవరు ఫోన్ చేసినా ముందు ‘పాప ఎలా ఉంది’ అంటారు, తరవాత ‘పాలు సరిపోతున్నాయా’ అంటారు. రెండోది తల్లి గురించి అడిగామనుకుంటారు గానీ అదీ పాప గురించే.

కథలో డాక్టరమ్మ ఓపీ చీటీ చూసి ఆమెని పేరు పెట్టి పిలుస్తుంది. అక్కడ కూడా నేను ఆ పేరు రాయలేదు, ‘పేరు పెట్టి పిలిచింది’ అని మాత్రం రాశాను. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చున్నామని కొందరు రాశారు. ఆ ఉత్తరాలు దాచుకున్నాను.

ప్రశ్న: మా అమ్మ ఎనిమిది మందిని కన్నది. కన్న పది రోజులకే వంటింట్లోకి వచ్చేది. ఆవిడ నోట డిప్రెషన్ అన్న మాట నేను వినలేదు. ఈ కాలం ఆడపిల్లలు మరీ సున్నితమైపోయారని మీ నవల చదివాక అనిపించింది.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: మాస్టారూ, మీ అమ్మగారికి నా నమస్కారాలు. ఒక్కసారి ఆ ఇల్లు గుర్తు తెచ్చుకోండి. మీ అమ్మగారు పురిట్లో ఉన్నప్పుడు ఇంట్లో ఎంతమంది ఆడవాళ్ళున్నారు? అమ్మమ్మ, పిన్ని, పెళ్ళికాని మేనత్త, నీళ్ళు పోయడానికి వచ్చే మంత్రసాని, గోడ అవతల పెద్దావిడ. బిడ్డ కేర్‌మంటే ఎత్తుకోవడానికి ఎవరో ఒకరు ఉండేవారు. ఇప్పుడు మూడో అంతస్తులో తలుపేసుకుని ఒక్క మనిషి, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా. పైగా కడుపు మీద కుట్లు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లే, దేశంలో అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ. అపెండిక్స్ ఆపరేషన్ అయితే ఇంట్లో కొన్నాళ్ళు ఏ పనీ చెప్పరు. సిజేరియన్ అయిన మర్నాడే బిడ్డని చేతిలో పెడతాం.

ఇక జబ్బు అప్పుడు లేదనడం సరికాదండీ. మనవరాలి కాన్పుకి తోడుగా వచ్చిన ముసలమ్మలు నైట్ డ్యూటీలో నా పక్కన కూర్చుని ఎన్నో చెప్పేవారు. ‘మా చెల్లెలు పురిట్లో ఊరికే ఏడ్చేది, గాలి సోకిందని తాయెత్తు కట్టించారు.’ ‘మా తోడికోడలు మూణ్ణెల్లు మాట్లాడలేదు, పిల్లని మా అత్త పెంచింది.’ బాధ అప్పుడూ ఉంది, దానికి జబ్బని పేరు లేదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో మన దేశపు అధ్యయనాలన్నీ కలిపి చూసిన పరిశీలన ఒకటి వచ్చింది. కాన్పయినవాళ్ళలో సుమారు 22 శాతం మందికి ఈ డిప్రెషన్ ఉందని తేలింది. అయిదుగురిలో ఒకరు. మీ క్లాసులో చదువుకున్న ఆడపిల్లలు ఎంతమందో మీకే తెలుసు, లెక్క వేసి చూడండి.

ప్రశ్న: నాకు ఇరవై ఏడేళ్ళు. మా అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ కావడంతో పుట్టింటి నుంచి నెలకే మియాపూర్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చేశాను. పాపకి మూడో నెల. స్నానం చేయిస్తాను, పాలిస్తాను, అన్నీ చేస్తాను, కానీ ఎత్తుకుంటే ఏమీ అనిపించడం లేదు. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టడం లేదు. మావారు మంచివాడే. పొద్దున ఆఫీసుంటుందని పక్క గదిలో పడుకుంటారు. మీ పన్నెండో భాగం బాత్రూంలో కుళాయి తిప్పి చదువుకుంటూ ఏడ్చాను. నేను చెడ్డ తల్లినా?
— పేరు రాయని పాఠకురాలు, మియాపూర్

జవాబు: మా అమ్మాయి వయసున్నదానివి, నువ్వనే అంటాను. నువ్వు చెడ్డ తల్లివి కాదు. ఏమీ అనిపించకపోయినా వేళకి స్నానం చేయించి, పాలిచ్చి, పాపకి ఏ లోటూ రాకుండా చూస్తున్నావు. ఇది చాలా కష్టమైన పని. దాన్ని నువ్వు ఒంటరిగా చేస్తున్నావు.

కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో చాలామంది బాలింతలకి ఊరికే ఏడుపొస్తుంది. దుప్పటి సరిగా కప్పలేదని ఏడుస్తారు, వాళ్ళాయన టిఫిన్ తెచ్చాడని ఏడుస్తారు. అది రెండు వారాల్లోపు దానంతటదే పోతుంది. నీది ఆ గడువు దాటింది తల్లీ. నువ్వు రాసినవి, ముఖ్యంగా పాప పడుకున్నా నీకు నిద్ర పట్టకపోవడం, డాక్టరుకి చెప్పాల్సిన లక్షణాలు. ఇది నీ స్వభావంలో లోపం కాదు. జ్వరం లాగే వస్తుంది, మందు వేస్తే తగ్గుతుంది.

పద్నాలుగో వారం టీకాకి ఎలాగూ వెళ్తావు. ఆ కార్డులో టీకాల పట్టిక ఒకసారి తీసి చూడు. పుట్టగానే, ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం అని అన్నీ పాపకే, నీకు ఒక్క గడి కూడా లేదు. అందుకే నువ్వే అడగాలి. టీకా అయ్యాక ఇంటికొచ్చేయకుండా నీకు కాన్పు చేసిన డాక్టరు దగ్గరికి వెళ్ళి, నాకు రాసిన నాలుగు వాక్యాలూ అలాగే చెప్పు. టీకాకి ఇంకా రోజులుంటే దానికోసం ఆగకు, ఈ వారమే వెళ్ళు. 1987లో ఎడిన్‌బరోలో తయారు చేసిన పది ప్రశ్నల కాగితం ఒకటుంది, పోయిన ఏడు రోజులు ఎలా గడిచాయని అడుగుతుంది. నవ్వగలుగుతున్నావా అన్నది మొదటి ప్రశ్న. నిన్ను నువ్వు గాయపరచుకోవాలనిపించిందా అన్నది చివరిది. దేనికీ సిగ్గుపడకుండా ఉన్నదున్నట్టు జవాబు రాయి. థైరాయిడ్‌కీ రక్తహీనతకీ పరీక్ష చేయమని అడుగు, కాన్పు తరవాత ఈ రెండూ మనిషిని ఇలాగే కుంగదీస్తాయి. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులున్నాయి, ఏది వాడాలో డాక్టరే చెప్తారు. పాలు మానాల్సి వస్తుందని భయపడి వెళ్ళకుండా ఉండకు. తగ్గిందనిపించగానే మందు నీ అంతట నువ్వు ఆపేయకు కూడా.

బయటికి వెళ్ళలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ అది. ఏ గంటకైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇప్పుడు ఈ పేజీ మీ ఆయనకి ఇవ్వు.

బాబూ, మీ భార్యకి ఎవరివో మాటలు వినపడుతున్నా, ఎవరో పాపని ఎత్తుకుపోతారని అనుమానపడుతున్నా, రాత్రుళ్ళు అసలు నిద్రే లేకుండా తిరుగుతున్నా, చనిపోవాలనో పాపని ఏమైనా చేయాలనో అన్నా, అది ఇంకా తీవ్రమైన స్థితి. ఎమర్జెన్సీ. ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ పేరు చెప్పగానే నలుగురేమనుకుంటారో అని మనవాళ్ళు వెనకాడతారు. అక్కడ కూర్చునేది డాక్టర్లే. పాప అమ్మ ప్రాణంకంటే నలుగురి మాట ఎక్కువ కాదు.

అంత దూరం రాకపోతే మీ పని ఈ రాత్రి నుంచే మొదలవుతుంది. తొమ్మిదింటికి ఆమె పాలిచ్చి మీరు పడుకునే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని పడుకోవాలి. మీరు పాప దగ్గరికి రావాలి. రెండింటిదాకా పాప ఏడ్చినా, తడిపినా, కక్కినా మీదే. పిండి తీసిన పాలు ఫ్రిజ్‌లో లోపలి వైపు పెడితే ఒక రోజు పనికొస్తాయి. మన ఎండాకాలంలో బయట ఉంచొద్దు. తాగించే ముందు గిన్నెని వేడినీళ్ళలో కాసేపు ఉంచితే చాలు, పొయ్యి మీద కాచొద్దు. పట్టించాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా నిమరండి. ముందు రెండు మూడు రాత్రులు ఆమె తలుపు తీసుకుని వస్తుంది. ‘నేనున్నా, పడుకో’ అని చెప్పి పంపండి. మొదట్లో పడుకున్నా నిద్ర రాకపోవచ్చు, అది డాక్టరుకి చెప్పాల్సిన సంగతి. మీ ఆఫీసుకి నిద్ర ఎంత అవసరమో ఆమె ప్రాణానికీ అంతే అవసరం.

అమ్మా, డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాక నాకు ఒక్క లైను రాయి. పేరు అక్కర్లేదు, ‘మియాపూర్’ అని చాలు.

ప్రశ్న: నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అమెరికా వాళ్ళతో కాల్స్ అయ్యేసరికి రాత్రి పదకొండు. మా బాబుకి ఏడో నెల. ‘చెప్తే చేస్తాను కదా’ అంటే నా భార్యకి కోపం. మీ నవలలో భర్త కూడా అదే మాట అంటాడు. అతను చేసిన తప్పేంటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.
— ఒక తండ్రి, గచ్చిబౌలి

జవాబు: అతను దుర్మార్గుడు కాదని మీరు గుర్తించారు, సంతోషం. తాగడు, కొట్టడు, జీతమంతా ఇంటికే తెస్తాడు. అలాంటివాడితో కూడా సంసారం ఎందుకు చెడుతుందో రాయాలనే ఈ నవల మొదలుపెట్టాను.

నా ఆలోచన ఇది. మనలో మొదటి కాన్పు పుట్టింట్లో. ఆడపిల్లకి అది గొప్ప వరం, కాదనను. కానీ ఆ మూడు నుంచి అయిదు నెలలు మగవాడు ఏం చేస్తున్నాడు? ఆదివారం పళ్ళు, స్వీట్లు పట్టుకుని వెళ్తాడు. అల్లుడుగారొచ్చారని హాల్లో కుర్చీ వేస్తారు. అత్తగారు పాపని తువ్వాలులో చుట్టి తెచ్చి పది నిమిషాలు ఒళ్ళో పెడుతుంది. ఏడవగానే తీసేసుకుంటుంది. తడిపితే ‘అయ్యో, మీ బట్టలు!’ అని నొచ్చుకుంటుంది. చికెన్ కూరతో భోజనం పెడతారు. బాలింత గదిలో ఎక్కువసేపు కూర్చోవడం బాగుండదని సాయంత్రం బస్సెక్కిస్తారు. అందరూ మర్యాదే చేశారు. ఆ మర్యాదలో అతను సొంత బిడ్డకి చుట్టమైపోయాడు.

ఐదో నెలలో ఆమె వస్తుంది. అప్పటికి ఆమెకి ఏ ఏడుపు ఆకలిదో, ఏది నిద్రదో తెలుసు. అతనికి డైపర్ ఏ వైపు ముందుకి రావాలో తెలియదు. అతను చేస్తే ఆలస్యమవుతుందని ఆమె లాక్కుంటుంది. లాక్కుంది కదా అని అతను తప్పుకుంటాడు. నా నవలలో ఒక రాత్రి అతను ‘డైపర్లు ఎక్కడున్నాయి?’ అని ఆమెని లేపుతాడు. ఆమె కళ్ళు తెరవకుండానే బీరువా కింది అర వైపు చెయ్యి చూపిస్తుంది. ఆ ఇంట్లో అవి వచ్చినప్పటి నుంచి అక్కడే ఉన్నాయి. వాళ్ళ మధ్య గొడవ ఆ చెయ్యి దగ్గర మొదలైంది.

‘చెప్తే చేస్తాను’ అంటే, ఏం చేయాలో గుర్తుపెట్టుకునే పని ఆమెదే అన్నమాట. జ్వరం మందు ఎప్పుడయిపోతుంది, రేపటికి ఉగ్గు ఉందా, టీకా ఏ తారీఖు, పనావిడ రాకపోతే ఎలా. ఇవన్నీ ఆమె తలలో రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. మీరు కాల్స్ మానక్కర్లేదు. మొత్తంగా కొన్ని పనులు తీసుకోండి. బాబు స్నానం మీదనుకోండి, నీళ్ళు కాచడం నుంచి తువ్వాలు ఆరేయడం దాకా మీదే. టీకాలు మీవనుకోండి, తారీఖు గుర్తుపెట్టుకోవడం, సెలవు పెట్టడం, ఆ రాత్రి వచ్చే జ్వరానికి మేలుకోవడం కూడా మీవే. ఆమె చేసినట్టే చేయక్కర్లేదు. మీ పద్ధతికి బాబు వారంలో అలవాటు పడతాడు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి బిడ్డ పుడితే 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటులో ఇచ్చి తీరాలనే చట్టం లేదు, ఆయా కంపెనీల నిబంధనలే. రెండో బిడ్డకైనా ముందే అడిగి పెట్టుకోండి. ఇంకో మాట, కాన్పు తరవాత మగవాళ్ళకీ డిప్రెషన్ వస్తుంది. మీ ఉత్తరం మూడో పేజీలో రాసిన ‘ఇంటికి రాబుద్ధి కావడం లేదు’ అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పైన ఇచ్చిన ఫోన్ నంబరు మీకూ పనికొస్తుంది.

ప్రశ్న: అత్తగారిని రాక్షసిగా చూపించనందుకు మీకు కృతజ్ఞతలు. కానీ పథ్యం విషయంలో మా పెద్దలని తప్పుపట్టారు. బాలింతకి నీళ్ళు తక్కువ ఇవ్వాలనీ, లేకపోతే పొట్ట తగ్గదనీ మా అత్తగారు చెప్పారు, నేను నా కోడలికి చెప్పాను. తప్పా?
— ఒక అత్తగారు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వదినగారూ, పథ్యంలో మంచి చాలా ఉంది. వెల్లుల్లి కారం, ములగాకు, పాత బియ్యపు అన్నం, నూనె పట్టించి వేడినీళ్ళ స్నానం, చెవుల్లో దూది, ఏదీ వద్దనను. అన్నిటికంటే పెద్ద మంచి, నలభై రోజులు పని చెప్పకపోవడం. అదొక్కటీ సరిగ్గా జరిగితే సగం జబ్బులు రావు.

నీళ్ళు మాత్రం ఆపకండి. పాలిచ్చే మనిషికి మామూలుకంటే ఎక్కువ దాహం వేస్తుంది. నీళ్ళు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో మంట. కుట్లున్న మనిషికి ఆ బాధ మీరూ ఊహించగలరు. ఆపరేషన్ తరవాత పొట్ట నీళ్ళవల్ల పెరగదు. ముర్రుపాలు పిండి పారబోయొద్దు, బిడ్డకి మొదటి రక్షణ అవే. ఏడాది నిండేదాకా నాలికకి తేనె రాయొద్దు. సాంబ్రాణి పొగ బిడ్డ గదిలోకి వద్దు, ఊపిరితిత్తులు ఇంకా లేతవి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. బారసాలకి వచ్చినవాళ్ళ ముందు ‘మా కోడలికి పాలు పడలేదు’ అనకండి. ఆ మాట వార్డులో నేను చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ మంచం మీది పిల్ల మొహం గోడవైపు తిప్పుకునేది. పాలు చాలుతున్నాయో లేదో చెప్పేది బిడ్డ తడిపిన గుడ్డలు, బిడ్డ బరువు. మొదటి వారం దాటాక రోజుకి ఆరుసార్లకి తక్కువ కాకుండా తడిపి, బరువు పెరుగుతుంటే చాలుతున్నట్టే. చాలకపోతే పిల్లల డాక్టరున్నారు. ఆయన డబ్బా పాలు పట్టమంటే పట్టించండి. అందులో కోడలి తప్పేమీ లేదు.

ప్రశ్న: కాన్పయి నాలుగు నెలలు. మావారు దగ్గరికొస్తే ఒళ్ళు ముడుచుకుపోతోంది. ప్రేమ పోయిందేమోనని ఆయన, నాకేమైనా లోపమేమోనని నేను. ఇది ఎవరిని అడగాలో కూడా తెలియలేదు.
— ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: రోజంతా ఒక పసిబిడ్డ ఒంటిని అంటిపెట్టుకుని ఉంటే, రాత్రికి ఇంకెవరూ ముట్టుకోకపోతే బాగుండుననిపించడం సహజం. పాలిచ్చే రోజుల్లో శరీరంలో మార్పుల వల్ల ఇష్టం తగ్గుతుంది, పొడిబారడం వల్ల నొప్పీ ఉంటుంది. డాక్టర్లు మామూలుగా చెప్పే ఆరు వారాలు తరవాత మొదలుపెట్టొచ్చని మాత్రమే, మొదలుపెట్టి తీరాలని కాదు. నీకు ఇష్టమైనప్పుడే. ఈ మాట మీ ఆయనకి కోపం మీద కాకుండా, ఇద్దరూ టీ తాగుతున్నప్పుడు చెప్పు. నొప్పి ఉంటే డాక్టరుకి చూపించుకో. ఇంకొకటి, నెలసరి రాలేదు కదా అని నిశ్చింతగా ఉండొద్దు. అది రాకముందే మళ్ళీ గర్భం రావచ్చు.

ప్రశ్న: ఆ ఇద్దరూ చివరికి కలిసున్నారా, విడిపోయారా? తేల్చకుండా ఆపేశారు.
— ముగ్గురు పాఠకులు ఇదే అడిగారు: సూర్యాపేట, బోడుప్పల్, విజయవాడ

జవాబు: చివరి భాగంలో ఆమె డాక్టరు రాసిన మందు మొదలుపెట్టింది, అతను శనివారం రాత్రులు పాప పని తీసుకున్నాడు. అక్కడ ఆపాను. అంతకు ముందు రాసుకున్న ముగింపులో అతను ఏడ్చి క్షమాపణ అడుగుతాడు, ఆమె అతని భుజం మీద తల వాలుస్తుంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని అది మళ్ళీ చదువుకుంటే నమ్మబుద్ధి కాలేదు. అయిదు నెలల నిద్ర బాకీ ఒక్క కన్నీటిబొట్టుతో తీరదు. శనివారం ఒక్కటే అయినా అతను నిజంగా చేస్తాడని నమ్మాను, అందుకే అంతవరకే రాశాను. వాళ్ళు కలిసుంటారనే నా ఆశ.

ప్రశ్న: వచ్చే నెల ఉద్యోగంలో చేరాలి. ఆఫీసులో పాలు పిండుకోవడానికి గది కూడా లేదు. మాకు ఏం హక్కులున్నాయి?
— ఒక పాఠకురాలు, మాదాపూర్

జవాబు: 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టం సవరించినప్పుడు మొదటి ఇద్దరు బిడ్డలకీ జీతంతో 26 వారాల సెలవు వచ్చింది. కాన్పుకి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోనివ్వాలి. గది కోసం హెచ్‌ఆర్‌కి మెయిల్ రాతపూర్వకంగా పెట్టండి, ఒక్కరే కాకుండా ఇంకో ఇద్దరు తల్లులని కలుపుకుని పెట్టండి. స్టోర్ రూంలోనో బాత్రూంలోనో పిండుకోమంటే ఒప్పుకోకండి. అవి బిడ్డ తాగే పాలు.

ప్రశ్న: మా అమ్మాయిని ఏడో నెలలో పురిటికి తెచ్చుకుంటున్నాం. మా ఆవిడ గోంగూర మాన్పించడం దగ్గర్నుంచీ అన్నీ చూసుకుంటోంది. తండ్రిగా నేనేం సిద్ధం చేయాలో చెప్పండి.
— ఒక తండ్రి, నల్లగొండ

జవాబు: అన్నయ్యగారూ, ఈ ప్రశ్న ఒక తండ్రి అడగడం నాకు ఎంతో సంతోషం. గదిలో చేతులున్న కుర్చీ ఒకటి, వీపుకి ఆనించుకోవడానికి రెండు దిండ్లు, రాత్రికి కళ్ళలో పడని చిన్న బల్బు, చేతికందే చోట నీళ్ళ ఫ్లాస్కు పెట్టండి. ఆపరేషన్ అయితే మంచం మరీ కిందికి ఉండకూడదు, లేవడం కష్టం. చూడ్డానికి వచ్చే చుట్టాలకి సాయంత్రం ఒక గంట చాలు. ఆ గంటకి కాపలా మీరే ఉండండి, మీ మాటకి ఎవరూ నొచ్చుకోరు. పొద్దున్నే అమ్మాయిని ‘రాత్రి ఎంతసేపు పడుకున్నావమ్మా’ అని అడగండి. మూడు రోజులు వరసగా సరైన జవాబు రాకపోతే ఆ మధ్యాహ్నం పాపని మీరు ఎత్తుకుని వీధిలో తిరగండి.

అల్లుడుగారికి హాల్లో కుర్చీ వేయకండి. శుక్రవారం రాత్రి రమ్మనండి, ఆ గదిలోనే ఇంకో మంచం వేయించండి. బిడ్డ తడిపితే మీ ఆవిణ్ణి పరిగెత్తనివ్వకండి, అతన్నే మార్చనివ్వండి.